ఏ కోతి? ఏ తరగతి?

కొండగట్టు అంజన్న గుడి దగ్గర కొబ్బరి చిప్ప చేత పట్టుకుని నాలుగు అడుగులు వేయడం ఎంత కష్టమో ఆ మెట్లు ఎక్కిన భక్తులందరికీ తెలుసు. చిప్ప పోయినా భక్తులు నవ్వుకుని వెళ్లిపోతారు. నవ్వు రానిది రైతులకు. జగిత్యాల నుంచి కోరుట్ల, మెట్‌పల్లి దాకా, ఇటు వేములవాడ, సిరిసిల్ల దాకా ఏ రచ్చబండ దగ్గర కూర్చున్నా కోతుల ముచ్చట రాకుండా పోదు. మక్క కంకి పాలు పోసుకునే వేళకు మంద చేన్లో దిగుతుంది. పల్లి వేయడం మానుకున్నవాళ్లు, పెరట్లో కూరగాయల పాదులు పీకేసినవాళ్లు, పెంకులు నిలవక ఇంటిమీద రేకులు వేయించుకున్నవాళ్లు ఊరూరా కనిపిస్తారు. సర్పంచ్ ఎన్నికలొస్తే సీసీ రోడ్డు, మంచినీళ్ల హామీల పక్కన కోతుల బెడద తీరుస్తామన్న హామీ కూడా కరపత్రంలోకి ఎక్కుతోంది.

ఇంత మాట్లాడుకుంటున్నా ఒక్క ప్రశ్న మాత్రం ఎక్కడా వినపడదు. అది ఏ కోతి?

తెలంగాణ ఊళ్లమీద పడే కోతుల్లో రెండు జాతులున్నాయి. రీసస్ కోతికి మూతి ఎర్రగా, నడుము కింది వెంట్రుకలు నారింజ రంగులో, తోక పొట్టిగా ఉంటుంది. బానెట్ కోతికి నడినెత్తి మీది వెంట్రుకలు చుట్టూ పరుచుకుని టోపీ పెట్టినట్టు ఉంటాయి, తోక ఒంటికన్నా పొడుగు. మంద గోడమీద వరుసగా కూర్చున్నప్పుడు వెనక నుంచి తోకలు చూస్తే చాలు, పదేళ్ల పిల్లాడు కూడా తేడా చెప్పగలడు. రీసస్ అఫ్గానిస్థాన్ నుంచి చైనా దాకా ఉంది. బానెట్ మాత్రం దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు.

ప్రపంచంలో ఏ జీవి ఎంత ముప్పులో ఉందో తేల్చి చెప్పేది ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం. 1964 నుంచి అది నడుపుతున్న జాబితాను రెడ్ లిస్ట్ అంటారు. అందులో రీసస్ కోతికి ఏ రందీ లేని తరగతి. బానెట్‌ది మొన్నమొన్నటి దాకా అదే తరగతి, ఇప్పుడు రెండు మెట్లు ఎక్కి ముప్పులో ఉన్న జీవుల్లో చేరింది. మన చట్టం కూడా రెండింటినీ విడదీసింది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో రీసస్ కోతి షెడ్యూళ్ల నుంచే బయటపడింది. బానెట్ కోతి మాత్రం పులి, ఏనుగు ఉన్న మొదటి షెడ్యూల్‌లో కూర్చుంది. దాన్ని అక్కడి నుంచి కిందికి దించమని కేరళ ప్రభుత్వం కేంద్రాన్ని కోరేదాకా వ్యవహారం వెళ్లింది. ఒకే చేన్లో ఒకే కంకి మీద పడే రెండు కోతుల్లో ఒకదాన్ని పట్టుకుంటే నేరమే కాదు, ఇంకోదాన్ని పట్టుకుంటే పెద్ద నేరం. పట్టేవాడికీ పట్టించేవాడికీ ఈ సంగతి చెప్పినవాళ్లు తక్కువ.

ఈ ప్రాంతానికి ఇది మరీ దగ్గరి విషయం. 1980ల మొదట్లో శాస్త్రవేత్తలు గీసిన పటంలో ఈ రెండు కోతుల రాజ్యాల మధ్య హద్దు పడమటి వైపు తపతి, తూర్పు వైపు గోదావరి. అంటే ధర్మపురి నరసింహస్వామి గుడి ముందు పారే నదే ఆ హద్దు. అవతలి ఒడ్డు రీసస్‌ది, ఇవతలి ఒడ్డు బానెట్‌ది. కోతులు పటాలు చూసుకోవు కనుక ఆ హద్దు నిలవలేదు. రామ్ కుమార్, సింధు రాధాకృష్ణ, అనింద్య సిన్హా 2011లో ఒక అంతర్జాతీయ పత్రికలో రాసిన పరిశోధన పత్రం, రీసస్ మందలు గోదావరి దాటి దక్షిణానికి దిగి బానెట్ కోతుల నేలను ఆక్రమిస్తున్నాయని చూపింది. అప్పటికి బానెట్‌ది రందీ లేని తరగతే. ఆ తరగతి సరైనదేనా అని పత్రం పేరులోనే ప్రశ్నార్థకం పెట్టారు. తరగతి మారడానికి ఆ తర్వాత ఇంకొన్నేళ్లు పట్టింది.

రీసస్ దక్షిణానికి రావడంలో దాని కాళ్ల పాత్ర కొంతే. మిగిలింది మనుషుల పుణ్యం. ఒక ఊళ్లో కోతులు ఎక్కువైతే చందాలు వేసుకుని పట్టేవాళ్లను పిలిపిస్తారు. బోనులో అరటిపండ్లు, పల్లీలు పెట్టి మందలో దొరికినన్నిటిని పట్టి, వ్యానులో ఎక్కించి, చీకటి పడ్డాక దూరాన ఏదో గుట్ట దగ్గరో, అడవి అంచునో తలుపు తీస్తారు. ఆ గుట్ట పక్క ఊరికి తెల్లారేసరికి కొత్త మంద. కొన్నాళ్లకు ఆ ఊరివాళ్లూ చందాలు మొదలుపెడతారు. ఇట్లా మండలాలు, జిల్లాలు దాటించి ఏ జాతిని ఏ జాతి నేలలో వదులుతున్నామన్న లెక్క ఎవరిదగ్గరా లేదు. 2020లో నిర్మల్ జిల్లా చించోలి దగ్గర రాష్ట్ర ప్రభుత్వం కోతుల సంరక్షణ కేంద్రం పెట్టి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు మొదలుపెట్టింది. ఆలోచన మంచిదే. రాష్ట్రమంతటి కోతులకు ఆ ఒక్క కేంద్రం ఎటూ చాలదు.

తరగతులు ఎట్లా నిర్ణయిస్తారో తెలిస్తే ఈ గందరగోళంలో సగం విడిపోతుంది. మొదట్లో రెడ్ లిస్ట్ నిపుణుల అంచనాల మీద నడిచేది. 1994లో లెక్కల కొలమానాలు వచ్చాయి, 2001లో అవి ఇప్పటి రూపానికి వచ్చాయి. మొత్తం తొమ్మిది తరగతులు. అంతరించినవి, పెంపకంలో మాత్రమే మిగిలినవి రెండు. ఆ కింద అత్యంత ప్రమాదం, ప్రమాదం, ముప్పు అనే మూడు మెట్లు, ముప్పుకు దగ్గర, రందీ లేనివి అనే రెండు మెట్లు. చివరి రెండూ మనుషుల అజ్ఞానానికి కేటాయించిన గదులు: సమాచారం చాలనివి, అసలు చూడనివి. ఇప్పటిదాకా 1,70,000కు పైగా జాతులను పరిశీలిస్తే వాటిలో 48,000కు పైగా ఆ నడిమి మూడు మెట్ల మీద తేలాయి.

ఎన్ని మిగిలాయన్నది అందులో ఒక ప్రశ్న మాత్రమే. ఎంత వేగంగా తగ్గుతున్నాయి, ఎంత జాగాలో ఉన్నాయి అన్నవీ అంతే బరువున్న ప్రశ్నలు. పదేళ్లలో గానీ మూడు తరాల్లో గానీ, ఏది ఎక్కువైతే ఆ కాలంలో, జనాభా 30 శాతం తగ్గితే ముప్పు, 50 శాతం తగ్గితే ప్రమాదం, 80 శాతం తగ్గితే అత్యంత ప్రమాదం. ఇవి మామూలు హద్దులు. తగ్గుదలకు కారణం తెలిసి, అది ఆగిపోయి, మళ్లీ పెరిగే వీలుంటే హద్దులు ఇంకొంచెం సడలుతాయి.

వేగం ఎంత పని చేస్తుందో రాబందులను అడగాలి. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో అరవై దాటినవాళ్లు చిన్నప్పుడు చచ్చిన బర్రెను ఊరవతల పడేస్తే రాబందులు దిగి పూటలో బొక్కలు మిగల్చడం చూసినవాళ్లే. తెల్లవీపు రాబందు 1980ల్లో ప్రపంచంలోనే ఎక్కువ సంఖ్యలో ఉన్న పెద్ద వేటపక్షి అని శాస్త్రవేత్తలు అనుకునేవారు. 1992 నుంచి 2007 మధ్య భారతదేశంలో అది 99.9 శాతం తగ్గింది. పొడుగుముక్కు రాబందు దాదాపు 97 శాతం తగ్గింది. 2000లో రెడ్ లిస్ట్ వాటిని నేరుగా అత్యంత ప్రమాదపు మెట్టు మీద పెట్టింది. అప్పటికి ఇంకా వేల పక్షులున్నాయి, కారణమే తెలియదు. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు కళేబరంలో మిగిలి, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలను పాడుచేస్తోందని 2004లో తేలింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. అసెక్లోఫెనాక్, కీటోప్రోఫెన్‌ల మీద నిషేధం రావడానికి 2023 దాకా ఆగాల్సి వచ్చింది.

తెలంగాణలో పొడుగుముక్కు రాబందుల గూళ్లు 2013లో ఇప్పటి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో, పెద్దవాగు పక్కనున్న పాలరాపు గుట్టమీద బయటపడ్డాయి. అటవీ సిబ్బంది అక్కడ కాపలా పెట్టి, మేతకు కళేబరాలు వేసి కాపాడే ప్రయత్నం చేశారు. జగిత్యాల నుంచి ఒక్కపూట ప్రయాణంలో ఉన్న గుట్ట అది. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడ చదివి బయటికొచ్చే డాక్టరు బర్రెకు ఏ సూది వేస్తాడన్నదే ఆ గుట్టమీది పక్షుల బతుకు. పాఠం పుస్తకంలో ఉంటే సరిపోదు. ఊళ్లో మందుల షాపువాడికి, కాంపౌండరుకు, చివరికి మనుషుల మందు తెచ్చి పశువుకు పొడిచే రైతుకు కూడా అందాలి. మనుషుల డైక్లోఫెనాక్ పెద్ద సీసాలు పశువుల దగ్గరికి చేరుతున్నాయనే 2015లో ఇంజక్షన్ సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించారు.

జాగా సంగతికి ఉదాహరణ రాయలసీమలో ఉంది. గుత్తి పేరుతో ప్రపంచానికి తెలిసిన నీలి సాలీడును 1899లో ఒక ఆంగ్ల శాస్త్రవేత్త గుత్తి రైల్వే కలప గోదాములో దొరికిన నమూనాతో వర్ణించాడు. అసలు అది బతికే అడవి నంద్యాల, గిద్దలూరు మధ్య ఉందని తెలియడానికి వందేళ్లు పట్టింది. దాని నేలంతా కలిపి వంద చదరపు కిలోమీటర్ల లోపే. వంద దాటని ఆ జాగాలో అడవి చితుకుతుంటే ఎన్ని సాలీళ్లున్నాయో లెక్కపెట్టనక్కర్లేదు, అత్యంత ప్రమాదపు మెట్టు ఎక్కడానికి అదే చాలు. మెరిసే నీలిరంగు వల్ల విదేశాల్లో పెంచుకునేవాళ్లకు దాని మీద మోజు. తరగతులేవీ రాతి మీది గీతలు కావని కూడా రాయలసీమే చూపింది. ఎర్రచందనం చాలాకాలం ప్రమాదంలో ఉన్న చెట్టు, 2018లో ముప్పుకు దగ్గర అనే మెట్టుకు దిగింది, మళ్లీ మూడేళ్లకే ప్రమాదంలోకి ఎక్కింది.

ఇంతవరకూ ప్రపంచం లెక్క. తగాదా మొదలయ్యేది దాన్ని జిల్లాకు తెచ్చినప్పుడు.

రెడ్ లిస్ట్ ఒక జాతిని భూగోళమంతా కలిపి చూస్తుంది. చైనాలో బాగుండి, జగిత్యాలలో మాయమైన జీవికి రెడ్ లిస్ట్‌లో రందీ లేదనే రాసి ఉంటుంది. ఇంటి పిచ్చుకే సాక్ష్యం. ప్రపంచ జాబితాలో దానికి ఏ ఢోకా లేదు. బ్రిటన్ మాత్రం 2002 నుంచే దాన్ని తన దేశపు ఎర్ర జాబితాలో పెట్టుకుంది, ఎందుకంటే అక్కడ అది కళ్లముందే తగ్గిపోయింది. ఇట్లా దేశాలకు, ప్రాంతాలకు విడిగా తరగతులు కట్టే పద్ధతిని ఐయూసీఎన్ స్వయంగా 2003లోనే ప్రకటించింది. అందులో ఆ ప్రాంతంలో అంతరించినవి అనే తరగతి కూడా ఉంది. ఉమ్మడి కరీంనగర్ జిల్లాకు ఆ కొలత పెడితే ఆ గదిలోకి మొదట నడిచే పక్షి పైన చెప్పుకున్న రాబందే.

పాలపిట్ట సంగతి చూడండి. 2014లో తెలంగాణ దాన్ని రాష్ట్ర పక్షిగా ఎంచుకుంది. దసరానాడు దాన్ని చూడనిదే పండుగ తీరదని సాయంత్రం ఊరవతలికి పోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చూపు దొరకనివాళ్ల కోసం బోనులో పెట్టి తెచ్చి పది, ఇరవై రూపాయలకు చూపించే పాపం కూడా నడుస్తోంది, అది నేరమని అటవీశాఖ ఏటా చెబుతున్నా. 2023 ఆగస్టులో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక, దాదాపు 30,000 మంది పక్షిప్రేమికులు నమోదుచేసిన 3 కోట్ల పరిశీలనల మీద కట్టినది. 942 జాతులను చూసి 178 జాతులకు ఎక్కువ శ్రద్ధ అవసరమని చెప్పింది. పాలపిట్ట దేశంలో 30 శాతానికి మించి తగ్గిందని లెక్కకట్టి, ప్రపంచ తరగతిని మళ్లీ పరిశీలించమని సిఫార్సు చేసిన 14 పక్షుల్లో దాన్నీ చేర్చింది. అప్పటికి దాని తరగతి రందీ లేనిదే. ఆ మూడు కోట్ల పరిశీలనలు కూడా దేశమంతా సమంగా రాలేదు. బైనాక్యులర్లున్న ఊళ్ల చుట్టూ, నగరాల చెరువుల చుట్టూ ఎక్కువ. కోరుట్ల పొలం గట్టుమీద కరెంటు తీగ పైన కూర్చున్న పిట్టను రోజూ చూసే మనిషి ఆ లెక్కలో లేడు.

బతుకమ్మ పూలదీ అదే వరస. తంగేడు గానీ గునుగు గానీ ఏ ప్రమాద జాబితాలోనూ లేవు. కాలువ నీళ్లొచ్చి మెట్ట చెలకలు వరి మడులయ్యాక, గడ్డి మందు కొట్టడం మొదలయ్యాక, గునుగు చెలక గట్ల నుంచి మార్కెట్ బుట్టల్లోకి వచ్చింది. సిరిసిల్ల మగ్గాలు 2017 నుంచి కొన్నేళ్లపాటు బతుకమ్మ చీరలు లక్షల్లో నేశాయి. చీరకు ప్రభుత్వం ఆర్డరిచ్చింది. పువ్వు కోసం కొనేవాళ్లు తమ తిప్పలు తాము పడాల్సిందే. గునుగు ప్రపంచం నుంచి పోదు, నిజమే. ఒక ఊరి నుంచి పోతే ఆ ఊరికి మాత్రం అది పోయినట్టే లెక్క.

ఇక గుట్టలు. ఎలుగుబంటిది, చిరుతది రెడ్ లిస్ట్‌లో ఒకే మెట్టు, ముప్పు. సిరిసిల్ల జిల్లా కోనరావుపేట, వీర్నపల్లి, రుద్రంగి వైపు చిరుత జాడలు తరచూ వార్తల్లో వస్తాయి. రెండు జంతువులకూ కావాల్సింది బండల మధ్య సొరికెలు, గుహలు. కరీంనగర్ గ్రానైట్‌కు ప్రపంచ మార్కెట్లో టాన్ బ్రౌన్ అని పేరు. ఆ గుట్ట ముక్కలై ఓడ ఎక్కితే ఎలుగుబంటి ఎక్కడికి పోవాలి? కొన్నేళ్ల కిందట ఒకటి కరీంనగర్ శివారు కాలనీల్లోకే వచ్చింది, మత్తుమందు ఇచ్చి పట్టుకున్నారు. ఇదే కాలంలో, ఒకప్పుడు ఉమ్మడి కరీంనగర్‌లోనే ఉన్న కోహెడ మండలంలో ఒక రైతు కోతులు, అడవిపందుల నుంచి పంట కాపాడుకోవడానికి మనిషికి ఎలుగుబంటి వేషం తొడిగించి, రోజు కూలి ఇచ్చి చేన్లో తిప్పాడు. ఉపాయం పారిందని కూడా వార్తలొచ్చాయి. అసలు ఎలుగుబంటికి గుట్ట మిగలదు, వేషం ఎలుగుబంటికి మాత్రం రోజుకు ఐదు వందలు.

గోదావరి నీళ్లలో ఏముందో చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. చిరుత కనబడితే ఫోన్లో వీడియో తిరుగుతుంది, తాబేలుకు ఆ భాగ్యం లేదు. లీత్ మెత్తచిప్ప తాబేలు దక్కన్ నదులది, గోదావరిలోనూ ఉంటుంది. పెద్దది, వీపు పొలుసులు లేకుండా తోలులా మెత్తగా ఉంటుంది. 2021లో రెడ్ లిస్ట్ దాన్ని అత్యంత ప్రమాదపు మెట్టు మీదికి ఎక్కించింది. అంటే తరగతిలో అది తెల్లవీపు రాబందుకు, బట్టమేక పిట్టకు సరిసమానం. మాంసం కోసం పడతారు, గుడ్లు పెట్టాల్సిన ఇసుక తిన్నెలు లారీలెక్కి పోతాయి. ఊరి చెరువుల్లో, వరి మడుల్లో కనబడే చిన్న మెత్తచిప్ప తాబేలు కూడా ఇప్పుడు ముప్పులో ఉన్నదే. సంతలో ఇష్టంగా కొనే వాలుగ చేప కూడా అదే మెట్టు. కొర్రమీను రాష్ట్ర చేప కావడంతో దాని పేరు బడిపిల్లలకూ తెలుసు, వాలుగ ఏ మెట్టు మీద ఉందో దాన్ని పట్టే బెస్త, ముదిరాజ్ కుటుంబాలకు కూడా చెప్పినవాళ్లు లేరు. వాళ్లకు తెలిసింది వేరే. ఇదివరకు ఏ మడుగులో ఎంత బరువు వాలుగ పడేది, ఇప్పుడెంత పడుతోంది, తాబేలు వలలో పడి ఎన్నేళ్లయింది అన్నవి వాళ్లకు నోటి లెక్కలు. రెడ్ లిస్ట్ అడిగే లెక్కలు కూడా సరిగ్గా అవే: మూడు తరాల్లో ఎంత తగ్గింది?

ఆ నోటి లెక్కను కాగితం మీద పెట్టే ఏర్పాటు మన చట్టంలో 2002 నుంచే ఉంది. జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ఊరి మొక్కలు, జంతువులు, పంట రకాల మీద ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. 2012 అక్టోబరులో ప్రపంచ దేశాల జీవవైవిధ్య సదస్సు జరిగింది హైదరాబాద్‌లోనే. అయినా దేశమంతటా రిజిస్టర్లు రాయడం నత్తనడకనే సాగింది. చివరికి జాతీయ హరిత ట్రైబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టి, దాటితే నెలకు 10 లక్షల రూపాయలు కట్టాలని రాష్ట్రాలకు చెప్పాక పరుగు మొదలైంది. గడువు తరిమితే రాసిన రిజిస్టరు ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు. వేప ఉంది, చింత ఉంది, కాకి ఉంది, కోతి ఉంది. ఉన్నదని రాయడం హాజరు పట్టీ, దానితో ఏ తరగతీ తేలదు. పదేళ్ల కింద ఎన్ని, ఇప్పుడెన్ని అని అడిగే గడి లేకపోతే ఆ రిజిస్టరు బీరువాలో బరువే.

ఈ వ్యాసం వాదన ఇంతే: ఎర్ర జాబితాను స్విట్జర్లాండ్‌లో ఎవరో రాస్తారులే అని వదలకుండా, జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు తమ జాబితా తాము కట్టుకోవాలి. దానికి ఆకాశం నుంచి ఎవరూ దిగిరానక్కర్లేదు. జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ కళాశాల, పరిశోధన స్థానం ఉన్నాయి. జేజీఎల్ పేరుతో రాష్ట్రమంతా తెలిసిన వరి రకాలు అక్కడ పుట్టినవే. కోరుట్లలో పశువైద్య కళాశాల, సిరిసిల్లలో మరో వ్యవసాయ కళాశాల ఉన్నాయి. మూడు పట్టణాల్లోనూ జీవుల గురించి చదివే పిల్లలున్న జిల్లాలు రాష్ట్రంలో ఎన్ని ఉంటాయి? ఏటా ఒక బ్యాచ్ విద్యార్థులు యాభై ఊళ్లు తిరిగి, ఇరవై జాతుల మీద అవే ప్రశ్నలు అడిగితే పదేళ్లలో తగ్గుదల శాతం దానంతటదే బయటికొస్తుంది.

రైతు దీనికి అడ్డు చెప్పే మాట ఒకటుంది, అది కొట్టిపారేసేది కాదు. తోక పొట్టిదైతే ఏంది, పొడుగుదైతే ఏంది, పోయింది నా మక్క చేను కదా అంటాడు. నిజం. ముప్పులో ఉన్న జంతువును కాపాడే ఖర్చు ఎకరం, రెండెకరాలున్నవాడి నెత్తిన వేసే హక్కు ఏ జాబితాకూ లేదు. కానీ జాతి తెలియకపోవడం వల్ల నష్టపోతున్నది కూడా రైతే. వ్యానులో ఎక్కించి పంపిన మంద తిరిగి రావడమో, పక్క మండలం మంద ఇక్కడికి రావడమో ఆగదు. రీసస్ షెడ్యూళ్ల బయట పడ్డాక దాని బాధ్యత అటవీశాఖదా, పంచాయతీదా అన్న ప్రశ్నకు ఊళ్లో స్పష్టమైన జవాబు దొరకదు. దానికోసం పంచాయతీ దగ్గర డబ్బూ లేదు. జాతి తేలిస్తే ఏ పని చేయాలో తేలుతుంది. రీసస్‌కు ఆపరేషన్లు పెద్దఎత్తున చేయించడం, కోరుట్ల కళాశాలను ఆ పనిలోకి దింపడం, బానెట్ మిగిలిన గుట్టలను గుర్తించి అక్కడ కొత్త మందలు వదలకుండా చూడడం, ఈ మూడూ వేర్వేరు పనులు. ఇప్పుడు మూడింటికీ ఒకే బోను వాడుతున్నారు. కనీసం కోతులు పట్టే ఒప్పంద కాగితంలో జాతి ఏది, ఎన్ని, ఎక్కడ వదిలారు అనే మూడు గడులు తప్పనిసరి చేస్తే రేపటికల్లా సగం అబద్ధం ఆగిపోతుంది.

స్థానికుల కళ్లమీద నమ్మకం పెట్టుకోవడం దండగ అనేవాళ్లు కలివికోడి కథ గుర్తుచేసుకోవాలి. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న ఆ పిట్ట 1986 జనవరిలో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ బయటపడింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతుంటే, రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టి తెచ్చింది పిట్టల వేట తెలిసిన ఆ ఊరి మనిషి. 2025 ఆగస్టులో కడప జిల్లాలో దాని కూత మళ్లీ రికార్డయింది. అత్యంత ప్రమాదపు తరగతిలోని పక్షికి ఇంకా ఆశ ఉందని ఆ కూతతో ప్రపంచానికి తెలిసింది.

2025 అక్టోబరులో అబుదాబిలో జరిగిన ఐయూసీఎన్ సదస్సులో భారత ప్రభుత్వం 2030 నాటికి జాతీయ ఎర్ర జాబితా కడతామని ప్రకటించింది. 7,000 మొక్కలు, 4,000 జంతువులు, మొత్తం 11,000 జాతుల లెక్క. జువలాజికల్ సర్వే, బొటానికల్ సర్వే ఆ పని నడుపుతాయి. వాళ్ల శాస్త్రవేత్తలు ఏ నదికి ఎన్ని రోజులు వస్తారో గానీ, ధర్మపురి రేవులో వలవేసేవాళ్లు ఏటా మూడొందల రోజులు నీళ్లలోనే ఉంటారు. మత్స్య సహకార సంఘాలకు ఒక్కో పుస్తకం ఇచ్చి, వలలో పడ్డ తాబేలును ఫొటో తీసి నీళ్లలో వదిలినందుకు, వాలుగ బరువు రాసినందుకు పూట కూలి కట్టివ్వాలి. జీవవైవిధ్య దినోత్సవానికి కలెక్టరేట్ ముందు కట్టే ఫ్లెక్సీల ఖర్చుకన్నా అది పెద్ద మొత్తమేమీ అవదు.